కిష్టవ్వ హలఫ్‌నామా

పందొమ్మిది వందల యాభై మూడు ఎండాకాలంలో మెట్రిక్ చదివిన ప్రతి కుర్రాడూ ఒక్కసారైనా నా బల్ల ముందు నిలబడ్డాడు. సర్కారు దఫ్తర్లలో గుమాస్తాలను తీసుకుంటున్నారని పత్రికలో పడింది. ఒక దఫ్తరు కాదు, నాలుగైదు దఫ్తర్లు ఒకేసారి. ఇక చూసుకోండి, బషీర్‌బాగ్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఎవరిని కదిలించినా దరఖాస్తు మాటే. పాసైనవాడు, ఫేలైనవాడు, వచ్చే ఏడు తప్పక పాసవుతానని నమ్మినవాడు, అందరూ పొద్దున్నే నాంపల్లిలో దిగేవాళ్ళు.

నా పేరు శ్రీపతి. నాంపల్లిలో కచేరీకి ఎదురుగా ఉన్న వరండాలో కూర్చుని దరఖాస్తులు రాయడం నా పని. మా నాయనదీ అదే వరండా, అదే పని. ఆయన కాలమంతా, నా కాలంలో సగమూ ఉర్దూలోనే నడిచింది. నా దస్తూరి చూసి ముచ్చటపడని పేష్కారు లేడు. పోలీసు చర్య తర్వాత ఒక్కొక్క దఫ్తరే ఇంగ్లీషుకు మారుతూ వచ్చింది, నా దస్తూరిని అడిగేవాడు లేకుండా పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో అబిడ్స్‌లో పిల్లల మధ్య కూర్చుని టైపు నేర్చుకున్నాను, పాత మిషనొకటి సంపాదించాను, మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టాను. అందుకే ఎవడైనా నా ముందుకొచ్చి ఇంగ్లీషు రాదు సాబ్ అని మూలిగితే నాకు ఒళ్ళు మండుతుంది.

పెంటయ్య ఎన్నడూ మూలగలేదు. అతన్ని నేను మొదట చూసింది ఆ టైపు క్లాసులోనే. స్టేషను రోడ్డులో ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టి అట్టలు అంటించే పని అతనిది. పొద్దున ఆరింటికి టైపు, ఎనిమిదింటికి ప్రెస్సు. గోళ్ళ సందుల్లో మైదా జిగురు ఎండిపోయి ఉండేది. మిషను పాడవుతుంది, చేతులు కడుక్కుని రా అని నేర్పే ఆయన రోజూ తరిమేవాడు. మూడు నెలలు తిరిగేసరికి ఆ చేతులే నాకంటే జోరుగా కొట్టడం మొదలుపెట్టాయి. నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

అతనిది భువనగిరి దిక్కు పల్లె. రజాకార్ల గొడవల్లో ఊరు విడిచి పట్నం చేరినవాళ్ళలో ఒకడు. ఊళ్ళో కొంత, పట్నంలో రాత్రి బడిలో కొంత చదివి మెట్రిక్ గట్టెక్కాడు. నాంపల్లిలో సరాయి అనే సత్రం వెనక ఒక గదిలో ఉండేవాడు. ఆ గదిలోనే కిష్టవ్వ అనే ఆమె ఉండేది. నేను చెప్పదలుచుకున్నది ఆ కిష్టవ్వ గురించే.

అప్పటికామెకు యాభై ఉంటాయేమో. సన్నటి మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు. అబిడ్స్‌లో ఒక భోజన హోటల్లో బియ్యం ఏరేది, పప్పు చెరిగేది. పని అయ్యాక మా వరండా మీదుగానే ఇంటికి పోయేది. ఆగి నన్ను ఒక్క మాట అడిగేది, పిలగాడు ఇటొచ్చిండా అని. వచ్చి పోయాడంటే కదిలేది, రాలేదంటే ఇంకొంచెం సేపు నిలబడేది. ఒకరోజు నేనే అడిగాను, ఆ పిల్లవాడు నీకేమవుతాడని.

“ఏం గాడు పంతులూ. మా ఊరి బిచ్చయ్య కొడుకు. దిక్కు లేక నా తాన పడున్నడు” అన్నది.

పెంటయ్య కూడా ఆమెను కిష్టవ్వ అనే పిలిచేవాడు. సరే, ఊరివాడని చేరదీసి అన్నం పెడుతోంది కాబోలు అనుకున్నాను. అయితే ఆమె ధోరణి నాకు నచ్చేది కాదు. టైపులో మీవాడు మమ్మల్నందరినీ మించిపోయాడని నేను మెచ్చుకుంటే ఆమె మొహం మాడిపోయేది. వాడికేం రాదు పంతులూ, వట్టి మొద్దు, నల్ల మొహమోడు అని గబగబా అనేసి వెళ్ళిపోయేది. పెట్టే చేయి పెడుతూనే ఉంటుంది, ఈర్ష్య మాత్రం చావదు అని నాలో నేను అనుకునేవాణ్ణి. మనుషుల్ని చూడగానే పట్టేస్తానని నాకు గర్వం. ఆ గర్వం సంగతి తర్వాత తెలుస్తుంది.

ఆ భర్తీకి పెంటయ్య తయారైనంత శ్రద్ధగా ఇంకెవరూ తయారవడం నేను చూడలేదు. కోఠిలో అట్ట లేని ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి కొని, తనే కుట్టి, తనే అట్ట వేసుకున్నాడు. ఆదివారాలు పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుని పాత పత్రికలు పైకి చదివేవాడు. వారానికొక వ్యాసం రాసి నా బల్ల మీద పెట్టి పోయేవాడు, తప్పులకు ఎర్ర సిరాతో గీతలు పెట్టమని. నా ఇంగ్లీషే అంతంత మాత్రం. అతని వ్యాసంలో తప్పు పట్టడానికి నేను ఇంటి దగ్గర డిక్షనరీ ముందు వేసుకుని కూర్చోవలసి వచ్చేది. ఇంటర్వ్యూలో కుర్చీ చూపిస్తే కూర్చోవాలా, రెండోసారి చెప్పాక కూర్చోవాలా అని ఒకరోజు అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ముందు పిలవనివ్వు నాయనా, కూర్చోవడం తర్వాత సంగతి అన్నాను. తెల్ల చొక్కా ఒక్కటే ఉండేది. శనివారం సాయంత్రం కిష్టవ్వ దాన్ని ఉతికి, గంజి పెట్టి, సరాయి గోడ మీద ఆరేసి, ఎవరూ ఎత్తుకుపోకుండా పక్కనే కూర్చునేది.

జూన్ నెలాఖరుకు కాగితాలన్నీ సమకూరాయి. దరఖాస్తు టైపు చేద్దామని నేను ఒక్కొక్కటే చూస్తున్నాను. బడి సర్టిఫికెట్ ఉర్దూలో ఉంది, పెంటయ్య వల్ద్ బిచ్చయ్య అని. బిచ్చయ్య కొడుకు పెంటయ్య అన్నమాట. దాని కింద ముల్కీ కాగితం. అంటే ఈ రాజ్యంలో పుట్టినవాడేనని తహసీలు నుంచి ఇచ్చేది. అంతకు ముందు యేడు ముల్కీ గొడవలయ్యాక ఆ కాగితాన్ని ఎగాదిగా చూడకుండా ఏ దఫ్తరూ తీసుకోవడం లేదు. దాని మీద ఇంగ్లీషులో ఉంది, పెంటయ్య, రాజయ్య కొడుకు అని.

“ఏందిరా ఇది, నాయనలు ఇద్దరా?” అన్నాను నవ్వుతూ.

పెంటయ్య నవ్వలేదు. మిషను మీదికి వంగి గొంతు తగ్గించాడు. సంగతి చెప్పుకొచ్చాడు. కిష్టవ్వ అతని కన్నతల్లి.

ఆమెకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోవాడు పుట్టగానే బిడ్డ దక్కడం కోసం పెంటకుప్ప మీద పడేశారు. పక్కింటి బిచ్చయ్య, ఆయన పెళ్ళాం పోశవ్వ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, ఎవరో పారేసిన పిల్లవాడు దొరికాడని ఎత్తుకుపోయారు. ఆ సాయంత్రమే కిష్టవ్వ వాళ్ళకు చేటెడు తౌడు కొలిచి ఇచ్చి, మీ బిడ్డను నేను సాకుతాను అని తెచ్చుకుంది. అట్లా చేస్తే మృత్యువు దారి తప్పుతుందని నమ్మకం. ఇది కొత్త సంగతేం కాదు. పెంటయ్యలూ పెంటమ్మలూ పుల్లయ్యలూ ఊరూరా ఉన్నారు. కాని అందరూ ఏడాదికో రెండేళ్ళకో బిడ్డ గట్టిపడ్డాడనుకుని, ఆ నాటకం చాలించి కొడకా అనే పిలుచుకుంటారు. కిష్టవ్వ చాలించలేదు. పిల్లవాడికి రెండో ఏడు నిండకముందే మొగుడు రాజయ్య పోయాడు. దానితో ఆమె భయం ఇంకా గట్టిపడింది. బడిలో వేసేనాడు తాను గడప దాటకుండా బిచ్చయ్యను పంపింది. పంతులు తండ్రి పేరు అడిగితే ఆయన తన పేరే చెప్పాడు, కిష్టవ్వ చెప్పమన్నట్టే. ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట నా కొడుకు అన్న మాట రాలేదట. నల్ల మొహమోడు, మొద్దు అన్న తిట్లన్నీ కూడా అందుకే. మెచ్చుకుంటే ఎవరి చెవినైనా పడుతుందని.

నేను ఇన్నాళ్ళూ ఈర్ష్య అనుకున్నది అదీ. సిగ్గనిపించింది.

ఊరి పట్వారీ నిక్కచ్చి మనిషి. లెక్కల్లో ఇల్లు రాజయ్యది, పిల్లవాడు రాజయ్య కొడుకు, అంతే రాసి పంపాడు. బిచ్చయ్య, పోశవ్వ ఇద్దరూ చనిపోయారు. దఫ్తరులో కనుక్కుంటే ఒకటే దారి చెప్పారు. కన్నవాళ్ళలో బతికున్నవారు మెజిస్ట్రేటు ముందు హలఫ్‌నామా ఇవ్వాలి, అంటే దేవుడి మీద ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం. ఈ పెంటయ్య నా కడుపున పుట్టినవాడు, రాజయ్య కొడుకు, బడిలో పేరు పొరపాటున పడింది అని. జులై ముప్పై ఒకటి లోపల అది జతచేయకపోతే దరఖాస్తు పక్కన పడేస్తారు. పెంటయ్యకు వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఉపాయం నాదే, పెంటయ్య మీదికి నెట్టను. కిష్టవ్వకు చదువు రాదు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. చదువు రానివాళ్ళకు అందులోని సంగతి వాళ్ళ భాషలో వినిపించి, నిజమేనా అని అడిగి వేలిముద్ర వేయించడం అక్కడి పద్ధతి. వినిపించేది మున్షీ వామన్‌రావు, నాకు పాత పరిచయం. ఆయన ఏ కాగితమైనా ముక్కులో గొణిగేసి వేలు పట్టుకుని అద్దించేస్తాడు, ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. అందుకని రేషను కార్డు కోసం వేలిముద్ర కావాలని చెప్పి తీసుకురమ్మన్నాను. ఆమె నోటితో ఏమీ అనక్కరలేదు, పని జరిగిపోతుంది. పెంటయ్య రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడోనాడు ఒప్పుకున్నాడు.

జులై పదహారున వెళ్ళాం. ఆరోజు మెజిస్ట్రేటు కొత్తాయన. వామన్‌రావు గొణగడం మొదలుపెట్టగానే ఆయన చేయెత్తి ఆపాడు. గట్టిగా చదవమన్నాడు. వామన్‌రావు గొంతు సవరించుకుని, గది నిండా జనం వినేట్టు, ఈ పెంటయ్య నా కడుపున పుట్టిన కొడుకు అని చదివి, నిజమేనా అని ఆమెను అడిగాడు.

కిష్టవ్వ ముందు వామన్‌రావు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. పెంటయ్య వంక మాత్రం చూడలేదు.

“కాదు దొరా” అన్నది. “గీ పిలగాడు బిచ్చయ్య కొడుకు. నాకేం గాడు.”

మెజిస్ట్రేటు కాగితం తిరగేసి నా వైపు విసిరినంత పని చేశాడు. చదువు రాని ఆడమనిషితో అబద్ధం చెప్పించాలని చూస్తున్నావా అని ఉర్దూలో అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. నేను రాసింది నిజం, ఆమె చెప్పింది అబద్ధం. అయినా మాట్లాడే మొహం నాకు లేదు.

బయటికి వచ్చాక ఆ కోపమంతా ఆమె మీద చూపించాను. మెట్ల మీద నిలబడి కేకలు వేశాను. రెండేళ్ళ కష్టం బూడిదలో పోశావు, కన్నతల్లివేనా అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

“నౌకరి రాకుంటే సస్తడా పంతులూ?”

“చావడు” అన్నాను.

“గట్లయితే గిట్లనే ఉండనియ్యి” అని కొంగు సవరించుకుని పనికి వెళ్ళిపోయింది.

పెంటయ్య ఆమెను ఏమీ అనలేదు. అది అతని గొప్పతనమో, అలవాటో నాకు తెలియదు. నన్ను మాత్రం, ఆమెకు చెప్పకుండా తీసుకుపోవడం మనదే తప్పు సాబ్ అన్నాడు. మరుసటి రోజు నుంచి నా బల్ల దగ్గరకు రావడం మానేశాడు. టైపు క్లాసుకు కూడా రావడం లేదని తెలిసింది. నాకు చేతినిండా పని. నెల చివరి రోజులు, కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఎవడి దరఖాస్తు టైపు చేస్తున్నా, ఈ పోటీలో వీడికంటే పెంటయ్య మెరుగు కదా అని మనసులో పీకేది. ఆ వారం నా చేతిలో ఎన్ని తప్పులు పడ్డాయో చెప్పలేను.

ఇరవై ఏడో తారీఖు మధ్యాహ్నం కిష్టవ్వ వచ్చింది. కుర్రాళ్ళ గుంపు సన్నగిల్లేదాకా స్తంభం పక్కన కూర్చుంది. నేను చూసీ చూడనట్టు నా పని చేసుకుంటున్నాను. మొహం చూడాలంటే నాకే ఇబ్బందిగా ఉంది. చివరికి దగ్గరకొచ్చి బల్ల పక్కన కింద కూర్చుంది.

పిల్లవాడు పొద్దెక్కిందాకా లేవడం లేదని చెప్పింది. కోడి కూయకముందే లేచి దీపం ముందు కూర్చునేవాడట. ఇప్పుడు తాను పనికి పోయేవేళకు కూడా గోడ వైపు తిరిగి పడుకునే ఉంటాడట. అన్నం పెడితే తింటాడు, ఏమైనా అడిగితే ఔ అంటాడు, అంతే. పుస్తకాలన్నీ మూట కట్టి అటక మీదికి తోశాడట. పది రోజులుగా చూస్తున్నానంది.

“సావడు అన్నవు గద పంతులూ” అన్నది. “సావలే. గని గదేం బతుకుడు? సిన్నప్పుడు ముగ్గుర్ని సాపల మీద పండవెట్టి సూసిన. గిప్పుడు వీన్ని గుడ గట్లనే సూస్తున్న.”

నేను టైపు ఆపేశాను.

కాగితం మళ్ళీ రాయొచ్చా అని అడిగింది. రాయొచ్చు, కాని ఈసారి నువ్వే నీ నోటితో చెప్పాలి, మెజిస్ట్రేటు అనుమానంగా ఉన్నాడు, అడ్డం తిప్పి అడుగుతాడు అన్నాను. ఆమె తల ఊపింది. అదంతా ముందే ఆలోచించుకుని వచ్చినట్టుంది.

“సెప్త. గని నేను సెప్పినట్టు రాయాలె. ఒక్కన్నే రాయకు. నలుగుర్ని రాయి.”

ఏ నలుగురు అన్నాను.

“నా పిల్లలు నలుగురు. పోయినోళ్ళ పేర్లు ముందుగాల రాయి. వీని పేరు ఆఖర్ల రాయి. ఒక్కన్నే నిలవెట్టి వీడు నా కొడుకు అని సెప్తే, గాడు సీదా వీని తానకే వస్తడు.” ఆమె యముడి పేరు ఎత్తదు, గాడు అనే అంటుంది. “నలుగుర్ని ఒక్కకాడ సెప్పిన్నంటే, గీమె పిల్లలు గద, నేను తీస్కపోయినోళ్ళే గద అనుకుంటడు. లెక్క సూసుకోడు. ముగ్గురి నడుమ వీడు దాక్కుంటడు.”

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ వరండాలో ఎన్ని వేల కాగితాలు రాశానో, ఒక్కదానిలోనూ ఇంత ఆలోచన పెట్టినవాళ్ళు నాకు కనబడలేదు. పది రోజుల పాటు బియ్యం ఏరుకుంటూ ఆమె ఒక్కతే కూర్చుని ఈ దారి వెతుక్కుంది. పోయినవాళ్ళ పేర్లు అడిగాను. చాలా సేపటికి చెప్పింది. ఒక్కొక్క పేరుకూ ఆగింది. ఎన్నేళ్ళ నుంచో తీయని తలుపు తీసినట్టు గొంతు కిర్రుమంది. నేను రాసుకున్నాను, వయసులు కూడా అడిగి రాసుకున్నాను.

మర్నాడే వెళ్ళాం. పెంటయ్యకు ముందే చెప్పాను, మీ తల్లి తానుగా వచ్చింది, నువ్వు మాట్లాడకుండా పక్కన నిలబడు చాలు అని. నలుగురి సంగతి మాత్రం చెప్పలేదు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మా వంతు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని పెదవులు కదుపుతూ కూర్చుంది.

మెజిస్ట్రేటు మమ్మల్ని గుర్తుపట్టాడు. మళ్ళీ వచ్చావా అన్నట్టు నన్ను చూశాడు. కాగితం చదువుకుని, పోయిన పిల్లల పేర్లు ఇందులో ఎందుకు, వీటితో దఫ్తరుకేం పని, కొట్టేయమన్నాడు. వామన్‌రావు ఆ మాట తెలుగులో చెప్పేలోపలే ఆమెకు అర్థమైంది. పట్నం వచ్చి ఇన్నేళ్ళయింది, ఆ మాత్రం ఉర్దూ రాకపోదు.

“కొట్టెయ్యొద్దు దొరా” అన్నది. “గవి ఉంటెనే సెప్త.”

పోయినసారి వీడు నీకేమీ కాడని ఇక్కడే చెప్పావు గదా, ఆరోజు చెప్పింది అబద్ధమా, ఈరోజు చెప్పేది అబద్ధమా అని అడిగించాడు. జవాబు ఏం చెప్పాలో నేనామెకు నేర్పలేదు. ఎవరేం నేర్పినా ఆమె చెప్పేది కాదు.

“పోయినసారి ఒక్కన్నే అడిగిన్రు” అన్నది.

మెజిస్ట్రేటు వామన్‌రావును చదవమన్నాడు. ఆయన నోరు తెరవబోతుంటే కిష్టవ్వ చేయి అడ్డం పెట్టింది. తానే చెబుతానంది. నడుము నిటారుగా పెట్టి నిలబడింది. గదిలో జనం ఉన్నారు, వకీళ్ళు ఉన్నారు, బయట తలుపు దగ్గర చప్రాసీ ఎవరినో పేరు పెట్టి అరుస్తున్నాడు. ఆమెకు అవేవీ వినిపించినట్టు లేదు.

“నేను కిష్టవ్వను. రాజయ్య పెండ్లాన్ని. నాకు నలుగురు పిల్లలు. పెద్దోడు మైసయ్య. ఎనిమిది నెలలకు పోయిండు. బిడ్డ బాలవ్వ. మూడేండ్లకు అమ్మవారు పోసి పోయింది. మూడోటోడు ఈదయ్య. అయిదొద్దులకు పోయిండు.” అక్కడ ఆగింది. ఊపిరి తీసుకుంది. “నాలుగోటోడు పెంటయ్య. నా కొడుకే. నేనే కన్న.”

చివరి మూడు మాటలూ చిన్నగా అన్నది. మొత్తానికి అన్నది. వామన్‌రావు వేలు పట్టుకోవడానికి చేయి చాస్తే, తనే వేలు సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తి, చాలాసేపు తీయలేదు. మెజిస్ట్రేటు సంతకం పెట్టాడు. పోయినవాళ్ళ పేర్లు కొట్టేయలేదు.

పెంటయ్యకు నౌకరి ఆ దసరాకు ముందే వచ్చింది. వ్రాత పరీక్షలో, టైపులో ఇబ్బంది లేకుండా గట్టెక్కాడు. ఇంటర్వ్యూలో కుర్చీ ఎవరూ చూపించలేదట, నిలబెట్టే అడిగి పంపేశారట. ఇప్పటికి మూడేళ్ళుగా బషీర్‌బాగ్‌లో ఒక దఫ్తరులో గుమాస్తాగా ఉన్నాడు. జ్వరం వచ్చి ఒక్కరోజు కూడా సెలవు పెట్టింది లేదు. ఈ సంగతి కిష్టవ్వకు నేను గుర్తు చేయను, ఆమె కూడా నా దగ్గర ఎత్తదు. హోటల్లో బియ్యం ఏరడం కొడుకు ఎంత చెప్పినా మానలేదు. అతని గురించి ఎవరైనా అడిగితే మాత్రం, నాకు నలుగురు పిల్లలు, అందర్ల చిన్నోడు అని చెబుతుంది. మిగతా ముగ్గురూ ఎక్కడున్నారని అడిగితే, ఉన్నరు అంటుంది.

ఆరోజు మెజిస్ట్రేటు గది నుంచి బయటికి వచ్చాక ఏమైందో చెప్పి ఆపుతాను. ముగ్గురం మెట్లు దిగాం. కాగితం నా చేతిలో ఉంది. గడువు మూడు రోజులే మిగిలింది, వెంటనే దఫ్తరులో ఇచ్చి రమ్మని నేను పెంటయ్యను తొందరపెడుతున్నాను. అతనికి నా మాట చెవికెక్కడం లేదు. కింది మెట్టు మీద ఆగిపోయాడు. అప్పుడు నాకు తట్టింది. తనకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారని అతనికి తెలుసు, వాళ్ళ పేర్లు ఇంతవరకు తెలియవు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అడగకూడదు కాబట్టి అతను అడగలేదు.

“అక్క పేరు ఏమన్నవు?” అన్నాడు.

“బాలవ్వ.”

“మూడేండ్లంటే నడిచేదా?”

“నడిచుడేంది. ఉరికేది” అన్నది కిష్టవ్వ. “నేను కల్లం కాడికి పోతుంటే నాకన్న ముందు ఉరికేది.”

అతను ఆమె చేయి పట్టుకుని మెట్టు దింపాడు. ఇంకా ఏమో అడుగుతున్నాడు, ఆమె చెబుతోంది. ఇద్దరూ స్టేషను వైపు నడుస్తూ వెళ్ళిపోయారు. కాగితం నేనే పట్టుకుపోయి దఫ్తరులో ఇచ్చి వచ్చాను.